పోగుకి ఆ కొస

చికిత్స నడిపే కెజియా గది తలుపు మూసి తెరవైపు చూసింది. రోగి భయాన్ని కొలిచే భీతిరేఖ మెల్లగా లేచి, హద్దు దాటగానే ఎర్రబడింది. రేడియేషన్ కిరణం దానంతటదే ఆగిపోయింది.

"రోగి నిశ్చలంగా లేరు. ఇంకొక్క అవకాశం ఉంది," అంది రోగిని కనిపెట్టి చూసే యంత్రం, స్థిరసాక్షి. దాని గొంతులో ఎప్పుడూ కోపం ఉండదు. కెజియాకు అందుకే దానంటే భయం.

ఈసారి కూడా వణికితే లోపల బల్లమీదున్న భద్రావతికి ఏ ఊళ్లోనూ కిరణం దొరకదు. రొమ్ములో పుట్టిన క్యాన్సర్ వెన్నుపూసల్లోకి పాకింది. నయమవుతుందని ఆమెకెవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. నొప్పి తగ్గి, ఉన్నన్నాళ్లు నడుం వాల్చి నిద్రపోగలిగితే చాలని వచ్చింది. ఇప్పుడు ఆ కాస్తా దక్కేలా లేదు.

కెజియా లోపలికి వెళ్లేసరికి ఆమె బల్లమీద బిగుసుకుపోయి ఉంది.

"నొప్పికి కాదు తల్లీ ఈ వణుకు. ఆ తలుపు పడిందంటే పాడె మీదున్నట్టే ఉంటది. అవతల మా ఆయనున్నాడో లేడో తెలీదు."

"ఇక్కడే ఉన్నారు పెద్దమ్మా. మైకులో మాట్లాడించనా?"

"మాటలేం చేసుకోను? వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి పట్టేటప్పుడు మాట్లాడుకున్నామా ఏంటి? ఆ కొసన ఆయన చెయ్యేస్తే ఈ కొసన నాకు తెలిసిపోయేది."

గుమ్మంలో నిలబడ్డ భావనారాయణ ఆ మాట విని జేబులోంచి నూలు కండె తీశాడు. మగ్గం దిగి ఏళ్లయినా ఆ అలవాటు పోలేదు. పోగులు కలిపి పేని, ఒక కొస భార్య వేలికి చుట్టాడు.

"బిగువు చూస్కో," అన్నాడు.

కెజియా వద్దనాలి. రెండో కొస పట్టుకున్న ఆయన్ని వెంటబెట్టుకుని బయటికి నడిచింది. తలుపు నూలు మీదుగా మూసుకుంది.

"తలుపు సందులో అన్యవస్తువు. చికిత్స రద్దు చేస్తున్నాను."

తెర పక్కన, యంత్రం మాట కాదని బాధ్యత తనమీద వేసుకునే పూచీమీట ఉంది. దాన్ని నొక్కిన వాళ్లెవరూ మళ్లీ కిరణశాలలో కనబడలేదు. కెజియా మీటమీద వేలు పెట్టింది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. నొక్కేసింది.

భీతిరేఖ లేచింది, ఆగింది, కిందికి దిగింది. కిరణం మొదలైంది.

ఇవతల భావనారాయణ ఒళ్లంతా వణుకుతోంది. పోగు పట్టిన మణికట్టు మాత్రం కదలడం లేదు.

"భీతి బయట నమోదవుతోంది," అంది స్థిరసాక్షి. "రోగి ఎవరు? తెరమీద చూపండి."

"అమ్మాయ్," అన్నాడు ముసలాయన, "మోకాళ్లు నిలబడట్లేదు. పోగు సడలిందంటే లోపల అది హడలిపోతది."

కెజియా తెర వదిలేసి పరుగున వెళ్లి, ఆయన చేతి వెనకే పోగు అందుకుంది. ఆయన గోడకు జారగిలబడ్డాడు. పోగు సడలలేదు. ఆమె గుండె దడదడలాడుతోంది, అదీ తెరకెక్కే ఉంటుంది.

"రోగులు ఎందరు?" అని అడిగింది స్థిరసాక్షి. కాసేపాగి మళ్లీ అదే అడిగింది. జవాబు చెప్పాల్సిన మనిషి తెర దగ్గర లేదు.

లోపల కిరణం పడుతూనే ఉంది. అవతలి కొస నుంచి పోగు ఒక్కసారి మెత్తగా లాగింది.