తొంభై మిల్లీలీటర్లు

"గడ్డి తడిగా ఉందా?"

"తడిస్తే బంతికే లాభం."

కోడ్ సరిపోయింది. జట్టు బట్టలూ బంతులూ చూసుకునే కిట్ మ్యాన్ డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి గడియ పెట్టి వచ్చి, మళ్ళీ బంతికి గాలి కొట్టడంలో పడ్డాడు. నెరిసిన మీసం, మోకాళ్ళ దగ్గర సాగిపోయిన ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్. ఈ మనిషి దగ్గితే నూటయాభై మంది ఏజెంట్లు లేచి నిలబడతారంటే ఎవరూ నమ్మరు. ఆయనే చీఫ్.

ఎదురుగా బెంచీ మీద కూర్చున్నవాడి జెర్సీ నంబర్ ఇరవై మూడు. పైకి జట్టులో మూడో గోల్ కీపర్, లోపల సీక్రెట్ ఏజెంట్. పట్టుకున్నది వదలడని ఆఫీసులో అందరూ 'మొండి' అంటారు. అసలు పేరు అతనే మర్చిపోయే స్థితికి వచ్చాడు.

"బ్రీఫింగ్ రెండు నిమిషాలే," అన్నాడు చీఫ్. "విదేశాల్లో దొంగపేర్లతో పనిచేస్తున్న మనవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ అసలు పేర్లూ అడ్రసులూ ఉన్న చిప్ ఒకటి మన దగ్గర్నుంచి పోయింది. గోరంత ఉంటుంది. కొట్టేసిన ముఠా ఈ ఊళ్ళోనే ఉంది. ఆదివారం ఫైనల్ అయ్యాక ఆ హడావిడిలో స్టేడియం నుంచే దేశం దాటిస్తారు."

"ఎలా?"

"అది తెలిస్తే నీకు ఈ నిక్కరు తొడిగించేవాణ్ణా? గేట్ల దగ్గర ప్రతివాణ్ణీ బూట్ల దాకా విప్పించి వెతుకుతాం. నువ్వు లోపల కళ్ళు తెరుచుకుని ఉండు. స్టేడియంలో మన మనిషి ఒకావిడ ఉంది. ఇదే కోడ్‌తో పలకరిస్తుంది."

"సార్, ఒకవేళ నేను ఆడాల్సి వస్తే?"

"నీ ముందున్న ఇద్దరు కీపర్లకీ కాళ్ళు విరగాలి. అప్పుడు చూద్దాం." చీఫ్ పంపు కొట్టడం ఆపాడు. "ఇంకో మాట. చెప్పకూడదు. చెప్పకుండా పంపడానికి మనసొప్పడం లేదు. ఆ పదకొండు మందిలో మీ అక్క కూడా ఉంది."

మొండి బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. అమ్మ పోయాక అతనికి తల దువ్వి బడికి పంపింది అక్కే. మోకాలు చెక్కుకుపోతే ఊదిందీ అక్కే. ఈ ఉద్యోగంలోకి ముందు తనే వెళ్ళింది. చూసి ఆరేళ్ళయింది. ఏ దేశంలో ఉందో తెలియదు, అడగకూడదు. ఇప్పుడు ఆ చిప్ గనక సరిహద్దు దాటితే, రెండ్రోజుల్లో ఎవరో ఆమె తలుపు తడతారు. ఆ తర్వాత ఇక అక్క ఉండదు.

ఆ వారాంతం ఊరంతా జాతరలా ఉందని హోటల్లో అందరూ అన్నారు. మొండికి మాత్రం ఆ ఊరు బస్సు కిటికీ తెర సందులోంచి కనిపించినంతే. కండువాలు ఊపుతున్న చేతులు, మొహాలకి రంగులు, ట్రాఫిక్ లైట్లు, సొరంగం. హోటల్ అద్దాలు తెరుచుకోవు. లిఫ్ట్ దగ్గర కాపలా. కారిడార్ చివర కాపలా. రూమ్‌లో రెండో గోల్ కీపర్ గురక. సమయానికి తిండి, సమయానికి నిద్ర, కోచ్ చెప్పకుండా గుమ్మం దాటడానికి లేదు. గతంలో రెండు జైళ్ళ నుంచి తప్పించుకున్నవాడికి కూడా ఇక్కడ ఊపిరాడలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మ్యాచ్ మొదలైంది. అయిదింటికి అయిపోయింది. ఒకటి-సున్నాతో కప్పు మనదే. మైదానం మీద ఆటగాళ్ళు ఒకరి మీద ఒకరు పడి దొర్లుతుంటే మొండి బెంచీ దగ్గరే నిలబడి గ్యాలరీలు వెతుకుతున్నాడు. గ్లవ్స్‌లో ట్రాన్స్‌మిటర్. బూటు అడుగున ఎమర్జెన్సీ బటన్. ఎవరు ఏ సంచీ మోసినా చూస్తున్నాడు.

అప్పుడు భుజం మీద ఓ బరువైన చెయ్యి పడింది. వెనక్కి తిరిగితే గుమ్మానికి అడ్డం పడేంత మనిషి, మెడలో 'ఎస్కార్ట్' అన్న కార్డు.

"నంబర్ ట్వంటీ త్రీ. డోపింగ్ టెస్ట్. లాటరీలో నీ నంబర్ వచ్చింది."

విన్న కోచ్ పడీ పడీ నవ్వాడు. "బంతి ముట్టుకోనివాడికి డోపింగ్ టెస్టా! వెళ్ళరా, వెళ్ళు. ఈ టోర్నమెంట్‌లో నీకు దక్కే పని అదొక్కటే."

*

డోపింగ్ కంట్రోల్ రూమ్ స్టాండ్ కింద, నేలమాళిగలో ఉంది. కిటికీ లేదు. బయటికి ఒకటే తలుపు. అది కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. ఓ మూల నీళ్ళ బాటిళ్ళున్న ఫ్రిజ్, ఓ మూల మోసం జరక్కుండా నాలుగు వైపులా అద్దాలున్న బాత్రూమ్, మధ్యలో బల్ల. ఎస్కార్ట్ అతని గ్లవ్స్, బూట్లు, ఫోన్ ట్రేలో పెట్టి లాకర్‌లో పడేశాడు. గ్యాడ్జెట్లు అలా పోయాయి. మొండికి మిగిలింది జెర్సీ, నిక్కరు.

బల్ల వెనక ముసలాయన ఒకడు కార్బన్ పేపర్లు సర్దుకుంటున్నాడు. ఫెడరేషన్ తరఫున ఫారాలు నింపేది ఆయనే. అందరూ 'మాష్టారు' అంటున్నారు. పక్కన తెల్లకోటులో డాక్టర్. నల్లటి కాటుక, ఎర్రటి గోళ్ళు, ఆ గదికి ఏమాత్రం నప్పని సెంటు వాసన.

"రండి," అంది నవ్వుతూ. "గడ్డి తడిగా ఉందా?"

మొండి గుండె కుదుటపడింది. "తడిస్తే బంతికే లాభం."

"టెస్ట్ జరిగేటప్పుడు మీ జట్టు మనిషి ఒకరు పక్కన ఉండొచ్చు," అన్నారు మాష్టారు కళ్ళజోడు సర్దుకుంటూ. "కావాలా బాబూ?"

డాక్టర్ కళ్ళతోనే వద్దంది. మొండి వద్దన్నాడు. ఫారం మీద సంతకం పెట్టాడు, ఇక దాన్ని మార్చడానికి లేదు.

మిగతా ముగ్గురు ఆటగాళ్ళు అప్పటికే మూత్రం శాంపిల్ ఇచ్చేసి వెళ్ళిపోయారు. వాళ్ళంతా స్టార్లు, ఒక్కొక్కరి వెంట మేనేజరూ సొంత డాక్టరూ. వాళ్ళ సీసాలు తలుపు పక్కనున్న నీలం పెట్టెలో కూర్చున్నాయి. ఒక్క గూడు ఖాళీ.

"అది నిండితే సీల్ వేస్తాం," మాష్టారు వివరించారు. "కొరియర్ ఆరున్నరకి తీసుకెళ్తాడు, ఏడూ నలభై ఫ్లైట్‌కి. విదేశంలో ల్యాబ్. సీల్ పడ్డాక దాన్ని పోలీసులైనా ముట్టుకోకూడదు. కస్టమ్స్ వాళ్ళూ తెరవరు. తెరిస్తే శాంపిళ్ళు చెల్లవు."

ఎవరూ తెరవని పెట్టె! మొండి వీపు నిటారుగా అయింది. డాక్టర్ వైపు చూశాడు. ఆమె చిన్నగా తలూపింది, నాకూ అదే అనుమానం అన్నట్టు.

బల్ల మీద మూడు కిట్‌లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో సీసా, మూత. ఆటగాడే ఒకటి ఎంచుకోవాలని రూలు. మొండి చెయ్యి ఎడమవైపు దానిమీదికి వెళ్ళింది. "అది కాదు," డాక్టర్ మధ్యదాన్ని ముందుకి తోసింది. "ఇది తీసుకోండి." అతని చెవి దగ్గరికి వంగి, "కంగారుపడకు. మీ అక్క పేరు నాలుగోది. ఆవిడకేం కానివ్వను," అంది.

మొండి కిట్ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాక ఆ మాట అతని లోపల దిగింది.

నాలుగోది.

అక్క పేరు ఉందని చీఫ్ చెప్పాడు. ఎన్నోదో చెప్పలేదు. చీఫ్‌కైనా తెలుసో లేదో. ఆ లిస్టు చదివినవాళ్ళకే అది తెలుస్తుంది.

ఆమె కూడా గమనించింది. నోరు జారిన సంగతి ఆమె కళ్ళలో కనిపించింది. నవ్వు మాత్రం చెక్కుచెదరలేదు. "డబుల్ ఏజెంట్ అంటే ఎప్పుడూ అలిసిపోయి ఉంటాం," అంది మెల్లగా. "అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. చిప్ ఆ మూతలోనే ఉంది. కాపలా కాసేవాణ్ణే ఇక్కడ కూర్చోబెడితే బయట నిశ్చింత. అందుకే లాటరీలో నీ నంబర్ తీయించాను. ఎస్కార్ట్ కోటు లోపల ఉన్నది పెన్ను కాదు. అరిస్తే ముందు పోయేది ఆ ముసలాయన. కాబట్టి కిమ్మనకుండా సీసా నింపు."

మాష్టారికి చెవుడో, పనిలో మునిగారో, కార్బన్ పేపరు అంచులు కత్తిరిస్తూనే ఉన్నారు.

"నాకు రావడం లేదు," అన్నాడు మొండి పైకి, గట్టిగా.

"పర్లేదు బాబూ. వచ్చేదాకా ఇక్కడే ఉండాలి. తొంభై మిల్లీలీటర్లు. ఎనభై తొమ్మిదైనా కుదరదు."

అలా మొదలైంది. మొండి తన సర్వీసులో విషం తాగాడు, రైలు పైనుంచి దూకాడు, మంచులో పాతేస్తే బయటికొచ్చాడు. ఉచ్చ ఆపుకోవడమే ఆయుధంగా యుద్ధం చేయాల్సి వస్తుందని ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

డాక్టర్ బాటిళ్ళు తెస్తోంది. ఎస్కార్ట్ మూతలు తీస్తున్నాడు. మాష్టారు చూస్తుండగా వద్దనడానికి కారణం లేదు. ఒకటి. రెండు. మూడు. ఆరయ్యేసరికి పొత్తికడుపు రాయిలా బిగిసింది. మొండి కాళ్ళు మెలేసుకుని కూర్చున్నాడు. పైన స్టాండ్‌లో జనం గెంతుతున్న చప్పుడుకి సీలింగ్ అదురుతోంది. ఆ అదురు ఒక్కొక్కటీ నేరుగా వచ్చి అక్కడే తగులుతోంది. ముచ్చెమటలు పట్టాయి.

"ఒక పని చేస్తాను," డాక్టర్ మళ్ళీ చెవి దగ్గరికి వచ్చింది. "నింపు. నాలుగో పేరు చెరిపించే పూచీ నాది. మిగతా పదిమందీ నీకు ఏమవుతారు?"

ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, మొండి ఊగిపోయాడు. అక్క బతుకుతుంది. ఎవరికీ తెలియదు. వెంటనే తన మీద తనకే రోత పుట్టింది. ఆ పదిమందిలో ఎంతమంది తమ్ముళ్ళకి తల దువ్వారో! ఈ బేరం సంగతి తెలిస్తే అక్క అతని మొహం చూడదు.

కళ్ళు తిప్పుకుందామంటే ఆ గదిలో చూడటానికి ఏముంది? గోడమీద రూల్స్ పోస్టర్. అప్పటికి ఇరవైసార్లు చదివాడు. ఇరవై ఒకటోసారి చదువుతుండగా ఎనిమిదో రూల్ దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. 'శాంపిల్ మరీ పలచగా ఉంటే చెల్లదు. పారబోసి, కొత్త ఫారంతో మళ్ళీ తీసుకోవాలి.'

"సరే," అన్నాడు గొంతు తగ్గించి. "అక్క పేరు చెరిపేస్తానని మాటివ్వు."

"ఇచ్చాను."

"అయితే ఇంకో రెండు బాటిళ్ళు ఇవ్వు. ఇంకొంచెం తాగితే వచ్చేస్తుంది."

డాక్టర్ మొహం వికసించింది. రెండు అడిగితే మూడు తెచ్చింది. మొండి గుటగుటా తాగాడు. ఆరూ పదిహేను. ఆరూ ఇరవై. అవి లోపల దిగేదాకా పళ్ళు బిగించి లెక్కపెట్టాడు. కళ్ళ ముందు చుక్కలు కదిలాయి. ఆరూ ఇరవై అయిదుకి లేచి, కిట్ బల్ల మీదే ఉంచి, కొలత గ్లాసు తీసుకుని, వంగిపోయి నడుస్తూ అద్దాల బాత్రూమ్‌లోకి వెళ్ళాడు. ఎస్కార్ట్ వెనకే వచ్చి నిలబడ్డాడు.

బయటికొచ్చేసరికి కొరియర్ వచ్చి ఉన్నాడు. తలుపు సగం తెరిచి, నీలం పెట్టె మూత ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"నూటయాభై!" మాష్టారు గ్లాసు దీపానికేసి పట్టుకుని మెచ్చుకున్నారు. తర్వాత ఓ చుక్క తీసి చిక్కదనం కొలిచే మీటరు మీద వేశారు. కళ్ళజోడు పైకి నెట్టి మళ్ళీ చూశారు. "అబ్బే. మంచినీళ్ళే ఇవి. చెల్లదు."

"టైమ్ లేదు మాష్టారూ, సీల్ చేసేయండి. నేను సంతకం పెడతాను," డాక్టర్ పెన్ను లాక్కుంది.

"దేవుడు సంతకం పెట్టినా కుదరదమ్మా." గ్లాసు సింకులో బోర్లించేశారు. కొత్త ఫారం తీశారు. "మళ్ళీ మొదటినుంచి. బాబూ, మీ జట్టు మనిషి ఎవరైనా పక్కన కావాలా?"

"కావాలి," అన్నాడు మొండి. "మా కిట్ మ్యాన్."

ఎస్కార్ట్ చెయ్యి కోటులోకి పోయేలోపే మాష్టారు ఇంటర్‌కమ్ నొక్కి పిలిచేశారు; అవతల వింటున్నారని ఆ చెయ్యి ఆగిపోయింది. జెర్సీ ఒకటి తక్కువైందని కారిడార్‌లోనే తిరుగుతున్న చీఫ్ అర నిమిషంలో కొరియర్‌ని తోసుకుని లోపలికొచ్చాడు, చేతిలో బంతుల పంపుతో. మొండి మొహం చూశాడు. ఒక్క ముక్క అడగలేదు. మత్తుమందు నింపిన పంపు సూది ఎస్కార్ట్ మెడకి ఆనించి ఒక్కసారి నొక్కాడు. ఆ భారీ మనిషి కళ్ళు తేలేసి ఫ్రిజ్ పక్కన కూలబడ్డాడు.

డాక్టర్ ఇక తెగించింది. కిట్ చింపింది, సీసా మూత లాగింది, "పెట్టె మూసెయ్!" అని కొరియర్‌కి అరుస్తూ విసిరింది. మూత గాల్లో తిరుగుతూ తెరిచిన నీలం పెట్టెలోకి పోతోంది.

టోర్నమెంట్ మొత్తంలో బంతి ముట్టుకోని గోల్ కీపర్ కుడివైపుకి నిలువెల్లా ఎగిరాడు. మూత వేలికొసలకి తగిలింది. పిడికిలి బిగిసింది. మొండి మోచేతుల మీద టైల్స్ పైన జారి, గోడకి కొట్టుకుని ఆగాడు. కొరియర్ పరుగెత్తాడు గానీ గేటు దాటలేదు.

*

పావుగంట తర్వాత డాక్టర్‌ని తీసుకెళ్ళిపోయారు. వెళ్తూ ఆమె ఫ్రిజ్ వైపు ఒకసారి చూసింది, తన చేత్తో తనే తాగించిన నీళ్ళని తల్చుకున్నట్టు.

చీఫ్ మూత అడుగు పొర ఒలిచి, గోరంత చిప్‌ని అరచేతిలో పెట్టి చూపించాడు. "పదకొండూ ఇక్కడే ఉన్నాయి."

"అక్కకి తెలుస్తుందా సార్?"

"తెలియకూడదు. ఈపాటికి ఎక్కడో ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుంటూ ఉంటుంది. రేపూ అంతే. అలా ఉండటానికే కదా మనం." భుజం తట్టి, చిప్ జేబులో వేసుకుని, ఎంత తొందరగా వచ్చాడో అంత తొందరగా వెళ్ళిపోయాడు. ఫారంలో పేరు రాయించుకున్న మనిషి అలా మధ్యలో వెళ్ళిపోవడం మాష్టారికి నచ్చలేదు.

మొండి కూడా లేవబోయాడు.

"ఎక్కడికి బాబూ? కొత్త ఫారం తెరిచాం. వాళ్ళేవో గొడవలు పడ్డారు, పోలీసులు చూసుకుంటారు. మీ శాంపిల్ రాలేదుగా."

తలుపు మూసుకుంది. పైన ఊరు ఊరంతా కప్పు ఊరేగిస్తోంది. మొండి కుర్చీలో కూలబడ్డాడు. అక్క కాళ్ళు కడుక్కుంటున్న దృశ్యం కళ్ళ ముందుకి వచ్చింది.  రెండు చేతుల్లో మొహం దాచుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మాష్టారు పెన్ను మూసి, అతని తల మీద చెయ్యి వేసి నిమిరారు. చాలాసేపు అలాగే నిమిరి, చివరికి మెల్లగా చెప్పారు.

"ఇవి లెక్కలోకి రావు బాబూ."