ఐదో పదం దగ్గర ఆగు

సూప్ గిన్నెలో నెత్తురు కలిసింది. ప్రొఫెసర్ ఒట్టోకార్ చేతిలోని చెంచా జారి, మనిషి బల్ల మీదికి ఒరిగిపోయాడు.

కాల్చింది సిబిల్లా. వియన్నా గూఢచారి శాఖలో వెండెలిన్‌తో ఆరేళ్లు కలిసి పనిచేసిన అందగత్తె. ఎర్రటి చేతితొడుగులైనా తియ్యకుండా తుపాకిని బల్లకి అటుపక్కనున్న వెండెలిన్ వైపు తిప్పింది.

"కదలకు. ముసలాయన లెక్క చెయ్యనన్నాడు. నువ్వు చేస్తావు."

లింజ్ పక్క కొండమీది కోటలో నడిచే ఆ గణిత సంస్థలో వెండెలిన్ మూడు వారాలుగా సాఫ్ట్‌వేర్ టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు. రాకెట్ గురి తేల్చే ఒట్టోకార్ సూత్రం కోసం విదేశీ ముఠా వస్తోందని పైనుంచి కబురు. ఆ ముఠా తన పక్క కుర్చీలోనే కూర్చుని కాఫీ తాగుతోందని ఎవరూ చెప్పలేదు.

బురుజులోని కంప్యూటర్ గదికి నడిపిస్తుంటే మెట్ల మీద అతను తిరగబడ్డాడు. సిబిల్లా అతని మోకాలి మీద కాల్చి, కాలర్ పట్టి కంప్యూటర్ ముందుకు ఈడ్చింది.

"ఎదుటి కొండ మీద మావాళ్ల రాకెట్ సిద్ధం. పది నిమిషాల్లో డాన్యూబ్ నది మలుపులోకి మంత్రుల పడవ వస్తుంది. మూడొందల మంది. మీ చెల్లెలు ట్రూడీ అందులోనే వడ్డిస్తోందిగా? గురి లెక్క తియ్యి."

ఒట్టోకార్ ఆ గురి లెక్కని ఒక శ్రేణిగా, అంటే వరసగా కూడుకుంటూ పోయే పదాలుగా విప్పాడు. బీజగణిత సాఫ్ట్‌వేర్ దాన్ని అంకెల్లో కాక x, y లాంటి అక్షరాల్లో, పదం తర్వాత పదంగా ఇస్తుంది. అందులో దూరం వేసి కోణం తేల్చేది రాకెట్‌లోని యంత్రం.

"ఇది అసింప్టోటిక్ శ్రేణి నాయనా," అనేవాడు ప్రొఫెసర్ కేకు నములుతూ. "పదాలు మొదట చిన్నవవుతూ వస్తాయి. మన దూరాలకి ఐదో పదం దగ్గర ఆగు. ఆ తర్వాతవి పెరిగి పెరిగి, సరైన లెక్కని కూడా మింగేస్తాయి."

ముసలాయన గుర్తొచ్చి వెండెలిన్‌కి ఏడుపొచ్చింది. ఆరేళ్లలో సిబిల్లా ఎవరి మాటా నమ్మగా అతను చూడలేదు. కళ్లు తుడుచుకుని నిజమే చెప్పాడు.

"ఐదు పదాలు చాలు సిబిల్లా. అక్కడ ఆపాలి."

తుపాకి మడమతో దవడ మీద కొట్టింది. రెండు పళ్లు ఊడి కీబోర్డు మీద పడ్డాయి.

"చెల్లెలు పడవలో ఉంటే సరైన లెక్క చెప్తావా? నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా? ఇరవై పదాలు కావాలి!"

"నీ కాళ్లు పట్టుకుంటా, ఐదు దాటకు!"

"ఇరవై!"

రెండువైపులా అబద్ధాలతో బతికినదానికి నిజం ఎలా మింగుడుపడుతుంది? సాఫ్ట్‌వేర్‌కి మొహమాటం ఎక్కువ, ఎన్ని అడిగితే అన్ని వడ్డిస్తుంది. ఇరవై పదాలూ రాకెట్‌కి చేరాయి.

పడవ మలుపు తిరిగింది. డెక్ మీద తెల్ల ఏప్రన్లు కనిపిస్తున్నాయి. వెండెలిన్ కిటికీలోంచి వాటిలో ట్రూడీని వెతికాడు.

రాకెట్ నిట్టనిలువుగా లేచింది. ఆకాశంలో ఒక్క క్షణం ఆగి, పంపినవాళ్ల నెత్తినే పడింది. ఎదుటి కొండ మండిపోయింది, కిటికీ అద్దాలు పగిలి లోపలికి వచ్చాయి.

సిబిల్లా అటు తిరిగింది. వెండెలిన్ జేబులోని పెన్ను తీసి నొక్కాడు. అందులో ఉన్న ఒక్క తూటా ఆమె గుండెలోంచి దూసుకుపోయింది.

"నిజమే చెప్పావా?" అంది నేలకూలుతూ.

"నిజమే చెప్పాను."

సాయంత్రం ఆసుపత్రికి పై అధికారి వచ్చాడు. ట్రూడీ అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"శభాష్ వెండెలిన్. జరిగిందంతా ఇరవై పేజీల రిపోర్టుగా రాసివ్వు."

"ఐదు పేజీల్లో ఆపేస్తాను సార్," అన్నాడు వెండెలిన్ వాచిన దవడతో. "ఆపైన రాసేకొద్దీ తప్పులే."