కండె ఇప్పించిన సెలవు

కాశయ్య మగ్గం గుంతలో కాలు పెట్టాడు. గుంత గుర్రుమంది.

ఎగిరి వెనక్కి పడ్డాడు. వంగి చూస్తే, రోజూ కాళ్లతో పలకలు తొక్కే చోట వాళ్ల కుక్క కండె పడుకుని ఉంది. దాని పొట్టకు ఆనుకుని నాలుగు కూనలు కళ్లు మూసుకుని పాలు తాగుతున్నాయి. నూలు కండెలా సన్నగా ఉందని దానికి ఆ పేరు పెట్టింది కాశయ్యే.

"అవ్వా! మగ్గం గుంతల కుక్క పిల్లలు పెట్టింది!"

తల్లి పెంటవ్వ కంటే ముందు పక్కింటి అనసూర్య వచ్చింది. కాశయ్యకు మేనమామ కూతురు. ఆ ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఆమె చెవిన పడాల్సిందే.

"వీటిని తీసి పెరట్ల పెడ్త. సగం చీర మగ్గం మీదున్నది," అన్నాడు కాశయ్య.

"ఏదీ, చెయ్యి పెట్టు సూద్దాం."

పెట్టాడు. కండె పళ్లు చూపించింది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"అవి కండ్లు తెరిచేదాక కదిలియ్యొద్దు బావా. అయినా గియ్యాల అమాస. మన వాడల ఒక్క మగ్గమన్న ఆడుతున్నదా? నీదొక్కటే టకటక."

"లడాయి దినాలు పిల్లా. నూలంత ఫౌజుకు పోతున్నది. దొరికినప్పుడే నేసుకోవాలె."

"నేసుకో! దినమంత గా గొల్లభామల మొఖాలు సూస్కుంట కూసో. మా అసొంటోళ్ల మొఖాలు నీకేం కనిపిస్తయి!"

చీర కొంగు మీద పాలకుండలు ఎత్తుకున్న గొల్లభామలు వరుసగా నిలబడి ఉన్నారు. కాశయ్య సిగ్గుపడి వాళ్ల మీద తుండుగుడ్డ కప్పాడు.

అసలు గొడవంతా ఆ చీరలతోనే. పెళ్లి ఎప్పుడురా అని మామ దుబ్బయ్య అడిగినప్పుడల్లా కాశయ్యది ఒకటే జవాబు: "ఈ చీర దిగినంక." ఒకటి దిగితే ఇంకొకటి ఎక్కేది. అనసూర్య అంటే ఇష్టం లేక కాదు, ప్రాణం. పక్కింట్లోనే ఉంది, ఎక్కడికి పోతుందిలే అనుకునే మగవాళ్లు ఉంటారే, వాళ్లలో ఒకడు. సిద్దిపేటలో ఇలాంటి వాళ్లకు కరువు లేదు.

పని లేని మొదటి రోజు కాశయ్యకు ఒంట్లో బాగోలేనట్టే ఉంది. గుంత అంచున కూర్చుని కాళ్లు ఊపాడు. కండె గుర్రుమంది. కాళ్లు మడుచుకున్నాడు.

తర్వాత తర్వాత అలవాటు పడ్డాడు. అందరితో కలిసి కూర్చుని మామిడికాయ తొక్కుతో జొన్నరొట్టె తిన్నాడు. తండ్రి పోశయ్యతో పచ్చీసు ఆడాడు. పోశయ్య గవ్వల్ని చాటుగా తిప్పేసి, పట్టుబడి, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వేవాడు. అనసూర్య రోజూ కండెకు గంజి తెచ్చేది. గిన్నె పట్టుకోవడం కాశయ్య డ్యూటీ. ఆ డ్యూటీకి ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

ఒక సాయంత్రం గాలిదుమారం లేచి నాలుగు చినుకులు పడ్డాయి. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు.

"మా బాపు గింత నవ్వుతడని నాకెర్కనే లేదు," అన్నాడు కాశయ్య.

"నీకెర్కలేనియి మస్తున్నయి. దుబ్బాక నుంచి నాకు సంబంధం వచ్చింది. ఐతారంనాడు బాపు పోయి ఖాయం చేసుకొనొస్తడట."

కాశయ్య చేతిలో గిన్నె ఒరిగింది. గంజి కాళ్ల మీద పడింది.

"నువ్వేమన్నవ్?"

"నేనేమంట? ఆ పిలగాడు అమాసనాడు మగ్గం ఆపుతడట." నవ్వుతూనే అంది గానీ అతని వైపు చూడలేదు.

ఆదివారం తెల్లారేసరికి కూనలన్నీ కళ్లు తెరిచి ఉన్నాయి. కండె వాటిని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

"మగ్గం ఖాళీ అయింది. ఇగ నేసుకో బిడ్డా," అంది పెంటవ్వ.

కాశయ్య గుంతలోకి దిగి కండె పడుకున్న గోనెసంచి ఎత్తాడు. దాని కింద చక్కగా పరిచిన ఆకుపచ్చ ఓణి కనిపించింది. ఆ ఓణి ఎవరిదో వాడలో అందరికీ తెలుసు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత చంకలో పెట్టుకుని పైకెక్కాడు.

"అవ్వా, నడువు. మామ ఇంటికి."

దుబ్బయ్య చెప్పులు తొడుక్కుని, గొడుగు పట్టుకుని గడప దాటుతున్నాడు.

"ఏమిరా, చీర దిగిందా?"

"దిగలే మామా. సగంలున్నది. ఉండనియ్యి." కాశయ్య గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వు దుబ్బాకకు పోవద్దు. అనసూర్యను నాకియ్యి. ఆమె లేకుంటే నాతోని కాదు."

"సగం చీర ఇడిశిపెట్టి వచ్చిండు అన్నా. ఇంకేం గావాలె?" అంది పెంటవ్వ.

దుబ్బయ్య గొడుగు గోడకు ఆనించి, చెప్పులు విప్పాడు. "గీ ఒక్క మాట కోసం కుక్క పిల్లలు పెట్టాల్సొచ్చింది!" అని చెల్లెలి వైపు చూసి పెద్దగా నవ్వాడు.

తలుపు చాటున అనసూర్య కళ్లు తుడుచుకుంటోంది. కాశయ్య ఆమె ముందు ఓణి పట్టాడు.

"కండెకు గుంతల పక్కేసింది నువ్వేనా?"

"పాపం, దానికి సలి పెడ్తదని..."

"ఎండకాలంలనా?"

అనసూర్య ఓణి లాక్కుంది. "అవును, నేనే ఏసిన. దాన్ని తీస్కపోయి పండుకోబెట్టింది గూడ నేనే. మళ్ల అమాసనాడు మగ్గమెక్కు సూస్త. ఈసారి గుంతల నేనే పండుకుంట."

ఆ తర్వాతి అమావాస్యకు వాడలో ఒక్క మగ్గమూ ఆడలేదు.