తీపి అడిగిన గొంతు

యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక నుంచి తార్నాకకు పోయే అడ్డదారిలో పాత పంపు గది ఒకటి ఉండేది. పొద్దుగూకితే పెద్ద పెద్ద చదువులు చదివే కుర్రాళ్ళు కూడా చుట్టూ తిరిగి పోయేవాళ్ళు. డిగ్రీలు పగటిపూటే పనిచేస్తాయి కాబోలు!

అరవై ఎనిమిదిలో అక్కడ జరిగింది నాకు చెప్పింది వెంకటలక్ష్మి. క్యాంపస్ దవాఖానాలో నర్సు, కడప మనిషి. దెయ్యాలంటే భయం లేదని ఆవిడ ఎప్పుడూ గొప్పలు పోలేదు.

ఆ శనివారం రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే పంపు గది ముందు కందిలి వెలుగు, నలుగురు మనుషులు. లోపల నుంచి ఒక గొంతు — ముద్దముద్దగా, ఏడుస్తున్నట్టు... ఎవరినో తిడుతున్నట్టు.

గుమ్మం దగ్గర ముసలి రాములమ్మ నిలబడి ఉంది.

"నా కొడుకును పట్టింది సిస్టరమ్మా... ఏడ పట్టిందో గాడనే దింపాలె. తెల్లారేదాక తలుపు తియ్యం."

ఆమె కొడుకు ఉప్పలయ్య హాస్టల్ తోటమాలి. చక్కెర జబ్బు. పొద్దున అతనికి ఇన్సులిన్ సూది వేసింది వెంకటలక్ష్మే. ఎవరినీ అడగకుండా గొళ్ళెం తీసి లోపలికి దూరింది.

వెనక తలుపు దబ్బున పడింది. బయట గొళ్ళెం పెట్టేశారు!

చీకటి. చెయ్యి చాస్తే మనిషి తగిలాడు — ఒళ్ళంతా చెమట, గజగజ వణుకు.

"ఉప్పలయ్యా... అన్నం తిన్యావా?" గుసగుసగా అడిగింది.

"ఒక్కపొద్దు..." అన్నాడు.

పొద్దున సూది పొడిపించుకుని, దేవుడి పేరున రోజంతా కడుపు మాడ్చుకున్నాడు! ఒంట్లో చక్కెర అడుగంటింది. ఇంకాసేపైతే స్పృహ పోతుంది... ఆ తర్వాత మనిషే పోతాడు.

తలుపు బాదింది. "తీయండి! ఇది దెయ్యం కాదు. చక్కెర... ఇంత చక్కెర తెండప్పా!"

బయట ఎవరో అన్నారు —

"ఆమెను గూడ పట్టింది... తీపి అడుగుతున్నది. ఇయ్యకుండ్రి, దానికి బలమొస్తది!"

అరిచినకొద్దీ వాళ్ళ నమ్మకం గట్టిపడింది. ఉప్పలయ్య చెయ్యి ఆవిడ చేతిలో వదులైపోతోంది. తను వేసిన సూదితో, తన చేతుల్లోనే పోతాడేమోనని ఏడుపొచ్చిందట.

అప్పుడో ఉపాయం తట్టింది. జుట్టు విరబోసుకునే పని కూడా లేదు, చీకటే కదా! గొంతు మాత్రం మార్చింది —

"బెల్లం నీళ్ళిస్తే పోతానప్పా... ఈకపోతే ఇద్దర్నీ ఎత్తకపోతా!"

తార్నాక దెయ్యానికి కడప యాస ఎక్కడిదని ఒక్కరూ అనుకోలేదు. పరుగెత్తిన అడుగులు... కాసేపటికి కిటికీ చువ్వల సందున గ్లాసు వచ్చింది.

కొంచెం కొంచెంగా తాగించింది. ఒక గుటక... ఇంకో గుటక. చాలాసేపటికి ఉప్పలయ్య నోరు తిరిగింది.

"సిస్టరమ్మా, మనం గీడెందుకున్నం?"

తలుపు తెరుచుకుంది. వెంకటలక్ష్మి తిట్టాల్సినంత తిట్టింది. సూది పొడిపించుకుని తిండి మానేస్తే చెమటలు పడతాయని, పిచ్చిమాటలు వస్తాయని, ఇంత తీపి నోట్లో పడితే ప్రాణం నిలుస్తుందని విడమరిచి చెప్పింది. అందరూ సిగ్గుపడ్డారు, నవ్వారు కూడా.

రాములమ్మ మాత్రం నవ్వలేదు.

"వీని నాయన గూడ సూది పొడిపిచ్చుకునేటోడే," అంది మెల్లగా. "ఒక్కపొద్దు నాడే పట్టిందని గీడ ఏసినం. తెల్లారేసరికి సచ్చిపోయిండు. రాత్రంత తీపి అడిగిండు సిస్టరమ్మా... నేనే ఇయ్యనియ్యలే."