కొంగలమడుగు సీటు

కౌన్సెలింగ్ హాల్లో నాలుగో ర్యాంకు పిల్ల స్క్రీన్ మీద వేలు పెట్టగానే, వెనక వరసలో కూర్చున్న ఆమె తల్లి మార్తమ్మ కెవ్వుమంది.

"ఒసే ఏస్తేరూ! అది కాదే! అడవి నొక్కవే, అడవి!"

అప్పటికే సీటు ఖరారైపోయింది. సహజ వనరుల నిర్వహణలో పీజీ, స్పెషలైజేషన్ కొంగలమడుగు సరస్సు. ఎవరూ తీసుకోక ఏటా ఖాళీగా మిగిలిపోతున్న సీటది.

వేదిక మీదున్న ప్రొఫెసర్ హైమవతికి ఆ కేక విని నవ్వూ వచ్చింది, బాధా వేసింది. ఈ గొడవంతటికీ మూలం ఆవిడ కనిపెట్టిన యంత్రమే మరి.

యంత్రమంటే పెద్దదేం కాదు, చొక్కా గుండీ అంత డిస్క్. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట అతికిస్తారు. అడవిలోనో, నదిలోనో, సరస్సులోనో పరిచిన సెన్సర్లు అక్కడి ప్రాణుల యాతనని పసిగట్టి డిస్క్‌కి పంపుతాయి. డిస్క్ దాన్ని మనిషి నరాలకి అందిస్తుంది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే ఇక్కడ ఊపిరాడదు, విషం కలిస్తే ఇక్కడ ఒళ్ళు మండుతుంది. రిపోర్టులు చదివి కదిలినవాడు ఈ దేశంలో లేడు, నొప్పి పుడితే మాత్రం ఎవడైనా కదులుతాడని హైమవతి నమ్మకం. ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసి చట్టమే చేసింది. డిస్క్ పెట్టుకున్న విద్యార్థే ఆ చోటికి మేనేజర్; ఆ మేనేజర్ నొప్పి గీత దాటితే చుట్టుపక్కల ఫ్యాక్టరీల కాలవల గేట్లు వాటంతటవే మూసుకుంటాయి, నొప్పి లేకపోతే తెరుచుకుంటాయి. మంత్రి సిఫారసు చేసినా ఫలితం ఉండదు. ఇంత గట్టి కొలత చేతిలో ఉండగా ఇంకెందుకని నీళ్ళు పరీక్షించే ల్యాబులకి తాళాలు వేశారు.

మన జనం సంగతి తెలిసిందేగా. చదువనగానే ముందు ర్యాంకు, తర్వాత బ్రాంచి. మంచి ర్యాంకు వచ్చినవాళ్ళంతా కొండ మీది పచ్చటి అడవిని పెట్టుకునేవాళ్ళు. రెండేళ్ళూ ఒంటికి పొద్దుటి గాలి తగిలినట్టుంటుంది, చదువైపోతుంది, ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఆ తర్వాత గడ్డిభూములు, ఆ తర్వాత మడ అడవులు. నదుల దాకా వచ్చేసరికి తల్లిదండ్రుల మొహాలు మాడిపోయేవి. చావుబతుకుల్లో ఉన్న సరస్సు ఇంకెవరికి కావాలి? బతికించాల్సినవాటికి మనిషి దొరకడు, బాగున్నవాటికి పోటీ. హైమవతికి అది తలుచుకుంటే ఒళ్ళు మండేది, దానికి డిస్క్ కూడా అక్కర్లేదు.

మొదటి క్లాసులో ఒకమ్మాయి అడిగింది, "సిటీలో రసాయనాలకి చచ్చిపోయిన చెరువుంది కదా మేడమ్, దానికి సీటెందుకు పెట్టలేదు?"

"అక్కడ బాధపడ్డానికి ఏం మిగిలింది? చచ్చినదానికి నొప్పి ఉండదు. అక్కడ డిస్క్ పెట్టుకుంటే హాయిగా ఉంటుంది."

క్లాసంతా నవ్వింది. ఏస్తేరు నవ్వలేదు.

"ఆ హాయి రాకుండా చూడ్డమే కదా మేడమ్ మన పని," అంది.

ఆ మాటతో హైమవతికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఏస్తేరు పుట్టి పెరిగింది కొంగలమడుగు ఒడ్డునే. డిస్క్ పెట్టిన రోజు సరస్సు గట్టు మీద కూలబడి, గుండె పట్టుకుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచింది. చుట్టూ గేట్లు ధడాలున మూసుకున్నాయి. ఆ ఏడాది రంగుల ఫ్యాక్టరీ నీళ్ళు ఒక్క చుక్క సరస్సులోకి రాలేదు. నురగ విరిగింది. వానలు తగ్గాక ఎక్కణ్ణించో కొంగల గుంపొకటి వచ్చి వాలింది. హైమవతి ఆ ఫోటో తన గదిలో పెట్టుకుంది.

కానీ సరస్సు కోలుకుంటున్నకొద్దీ పిల్ల చిక్కిపోయింది. పాత విషం ఇంకా అడుగున ఉంది మరి. ఒకరోజు మార్తమ్మ ప్రొఫెసర్ గారి గది గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"మేడమ్ గారూ, నా బిడ్డ అన్నం తింటంలేదు. కునుకు పడితే ఉలిక్కిపడి లేస్తంది. నీళ్ళకి నొప్పెడితే నా బిడ్డ ఏడవాలా?"

"కొంచెం ఓపిక పట్టు మార్తమ్మా. సరస్సు బాగుపడితే తనూ బాగుపడుతుంది."

"అప్పటిదాకా ఉంటదా? నొప్పి తీసెయ్యమనటంలేదమ్మా. నిద్రపోయేటప్పుడన్నా కాస్త తగ్గించండి. మీకు పుణ్యముంటది."

డిస్క్‌కి నొప్పి తగ్గించే మీట పెట్టమని ఫ్యాక్టరీల వాళ్ళు అడిగారు, అధికారులు అడిగారు. హైమవతి అందర్నీ కసిరి పంపింది. ఈ తల్లిని మాత్రం కసరలేకపోయింది. వారం తిరక్కుండా డిస్క్ అంచుకి ఆవగింజంత మీట అమర్చింది. పడుకునేముందు తగ్గించడం, పొద్దున జడ వేస్తూ మళ్ళీ పెంచడం ఎలాగో మార్తమ్మకి తనే చేతులు పట్టుకుని నేర్పింది. పెట్టుకున్న మనిషికి మెడ వెనకది కనబడదు కదా.

మీట సంగతి బయటికి పొక్కాక కౌన్సెలింగ్ తీరే మారిపోయింది. నదులూ సరస్సులూ మొదటి పూటే నిండిపోయాయి. "ఇప్పుడన్నీ మంచి బ్రాంచీలేనండీ," అని తల్లిదండ్రులు సంబరపడ్డారు. రాష్ట్రమంతటా నొప్పి తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. అందరికంటే ముందు కోలుకున్నది కొంగలమడుగని ఏస్తేరుకి అవార్డు కూడా ఇచ్చారు. దాన్ని గట్టు మీద, సరస్సు ఎదుటే ఇవ్వాలని హైమవతిని పిలిచారు.

హైమవతి వెళ్ళేసరికి గుడిసె ముందు మార్తమ్మ కూతురికి జడ వేస్తోంది. ఏస్తేరు ఒళ్ళు చేసింది, బుగ్గల్లోకి రంగొచ్చింది. ప్రొఫెసర్ని చూడగానే లేచి పరుగెత్తుకొచ్చింది.

"చూడండి మేడమ్! నీళ్ళు అద్దంలా ఎలా తేరాయో! ఏడాదిగా నాకు చిన్న మంట కూడా లేదు."

నిజమే, అడుగున ఇసుక కూడా కనిపిస్తోంది. నాచు లేదు, పురుగు లేదు. దూరంగా రంగుల ఫ్యాక్టరీ కాలవ గేటు బార్లా తెరిచి ఉంది.

"కొంగలేవమ్మా?"

"వలస వెళ్ళుంటాయి మేడమ్. కొత్త చేపపిల్లల్ని వదిలాం, ఎదిగితే అవే వస్తాయి."

హైమవతి సంచిలోంచి తన మొట్టమొదటి డిస్క్ తీసి ఈ సరస్సు సెన్సర్లకి కలిపింది. దానికి మీట లేదు. మెడ వెనక పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఊపిరాడకపోతే బావుండునని, ఒళ్ళు భగ్గుమంటే బావుండునని మనసులో మొక్కుకుంది. నీడన కూర్చున్నట్టు ఒళ్ళంతా చల్లగా, తేలిగ్గా ఉంది.

కళ్ళు తెరిచి ఏస్తేరు జడ పక్కకి జరిపింది. మీట సున్నా దగ్గరుంది.

"దీన్నెవరు తిప్పారు?"

"అమ్మే కదా మేడమ్. రాత్రి తగ్గిస్తుంది, పొద్దున పెంచుతుంది. పెంచావు కదమ్మా?"

మార్తమ్మ దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుకలు లాగుతూ తల ఎత్తలేదు.

"అన్నం తింటన్నావు కదే," అంది. "పెంచుదాం, పెంచుదాం అనుకుంటానే ఉన్నా. రోజూ రేపు పెంచుదాంలే అనుకున్నా."

ఏస్తేరుకి ఇంకా అర్థం కాలేదు. ప్రొఫెసర్ మెడ మీద మీట లేని డిస్క్ చూసి ఆశగా అడిగింది.

"పోనీ, మీకెలా ఉంది మేడమ్?"

అబద్ధం చెప్పడానికి హైమవతికి నోరు రాలేదు.

"హాయిగా ఉందమ్మా," అంది.

ఏస్తేరు మొహంలో నెత్తురు ఇంకిపోయింది. నీళ్ళ వైపు తిరిగింది. చెయ్యి మెడ వెనక్కి పెట్టి, తనే మీటని చివరిదాకా తిప్పింది. ఏమీ కాలేదు.

గట్టు అవతల బ్యాండు మేళం మొదలైంది, అవార్డు తీసుకొస్తున్నారు.