కువైట్ క్యాసెట్లో కడప రేడియో

రాజంపేట పక్కన చెయ్యేరు పొంగి, కట్ట తెగి, ఊళ్లు ఇసుక కింద పడిన ఏడాది గడిచి మళ్లీ చలికాలం వచ్చింది. ఇది ఆ చలికాలంలో జరిగింది.

ఆ వరదకు ఊళ్లో రామసుబ్బయ్య ఇంట్లో నడుముల్లోతు నీళ్లు నిలిచాయి. గోడలు నిలబడ్డాయి గాని మంచం కింద రేకుపెట్టె బురద మింగింది. అందులో ఉన్నవి పాత క్యాసెట్లు. ఆయన భార్య గంగులమ్మ కువైట్‌కు వచ్చిన కొత్తలో తన గొంతు పట్టి ఇంటికి పంపినవి. అవి ఇక మోగవని ఊళ్లో ఉండే రామసుబ్బయ్య తమ్ముడు ఫోనులో చెప్పినప్పుడు గంగులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రామసుబ్బయ్య తక్కువ మాట్లాడే మనిషి. కానీ ఆ మాట విన్న క్షణాన గుండె మీద నుంచి ఒక రాయి దిగినట్టయింది ఆయనకు. అలా దిగినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గును ఏడాదిగా ఒంటరిగా మోస్తున్నాడు.

మొగుడూ పెండ్లాం ఇద్దరూ ఒకే కువైటీ ఇంట్లో పని. ఆయన డ్రైవరు, ఆమె వంటమనిషి. ఇంటి యజమానురాలిని మామా అంటారు. ముందు వచ్చింది గంగులమ్మే. అయిదేళ్ల తరువాత మామాను బతిమాలి మొగుడికి వీసా తీయించింది. శుక్రవారం పూట మామా ఇద్దరికీ సెలవిస్తుంది. ఆ పూట హవల్లీలో కూతురు చిట్టి ఇంటికి పోతారు.

ఆ శుక్రవారం పొద్దున వాళ్లు వెళ్లేసరికి అల్లుడు శ్రీనివాసులు వంటింట్లో బొరుగులతో ఉగ్గాని కలుపుతున్నాడు. సబ్హాన్‌లో గోదాము పని చేసే మనిషి, సెలవు దినాన గరిటె పట్టడం అతనికి సరదా.

"రా అత్తా. ఈపొద్దు నీ బిడ్డ మైకు ముందర నిలబడతాది. మైకు లేకుండానే మా ఇంట్లో గోడలు అదురుతాయి, ఆ హాలు గతేమిటో."

"నోరు మూసుకోని మిరపకాయ బజ్జీలు చూడు, మాడతాండాయి," అంది చిట్టి లోపల నుంచి.

చిట్టి ఒక స్కూల్లో లైబ్రరీ చూసుకుంటుంది. సాయంత్రం తెలుగు ఆడవాళ్ల సభ. సూర్యావతి అనే ఆవిడ నెలకొకసారి జరుపుతుంది. ఈసారి మాట్లాడేది చిట్టి.

"దేని గురించమ్మా?" అని అడిగింది గంగులమ్మ, పళ్లెం ఒళ్లో పెట్టుకుని.

"డొమినికన్ అని అమెరికా పక్కన సముద్రంలో ఒక దేశం ఉండాది మా. మా స్కూల్లో ఒక టీచరమ్మది ఆ దేశమే. అక్కడి ఆడోళ్లు న్యూయార్కుకు పోయి ఇండ్లు తుడిచినారు, బట్టలు కుట్టినారు. పిల్లోళ్లను అవ్వల దగ్గర ఇడిసిపెట్టి పోయినారు. ఆ పిల్లోళ్లు పెద్దయి పుస్తకాలు రాసినారు. అవి సదివినాక నాకూ నీ గురించి రాయాలనిపించి రాసినా."

"అయితే వాళ్లదీ మన రాజంపేట తాలూకానే అనుకో," అంది గంగులమ్మ.

అందరూ నవ్వారు. చిట్టి మాత్రం కాగితాలు మడిచి వెనక దాచింది. తల్లీ కూతుళ్ల మధ్య కోపాలు లేవు. అలాగని చనువూ లేదు. పక్కింటివాళ్లు మసలుకున్నట్టు ఒకరినొకరు నొప్పించకుండా మసలుకుంటారు. చిట్టి ఏనాడూ తల్లి ఒళ్లో తల పెట్టింది లేదు.

"సదువు, ఇంటా," అంది గంగులమ్మ. "నా గురించి నలుగురికీ చెప్పేది నాకు చెప్పకూడదా?"

చిట్టి భర్త వంక చూసింది, గోడ వంక చూసింది. చివరికి కాగితం విప్పి చదివింది.

"రెండు మూడు నెలలకొకసారి, కువైట్ నుంచి ఊరికి వచ్చే ఎవరో ఒకరి చేత మా అమ్మ క్యాసెట్ పంపేది. వీధంతా మా వాకిట్లో కూర్చునేది. అమ్మ గొంతు పేరుపేరునా అందరినీ పలకరించేది. నా వంతు రాగానే ‘చిట్టీ’ అని ఒక్క పిలుపు. ఆ వెంటనే రేడియో మొదలయ్యేది. వేరుశెనగ విత్తనానికి మందు ఎలా పట్టించాలో ఎవరో చెప్పేవాడు. నాతో మాట్లాడటం కంటే రేడియో వినడమే మా అమ్మకు ఇష్టమని ఆరేళ్లప్పుడు నేను తీర్మానించుకున్నాను. ఆ తరువాత ఆమె కోసం ఏడవలేదు."

గంగులమ్మ చేతిలో బజ్జీ చేతిలోనే ఉంది.

"యాడి రేడియో?" అంది.

"నీ క్యాసెట్లోదే. నన్నడిగితే నాకేం తెలుసు?"

"నాకు రేడియో యాడిది? మామా టేపురికార్డరు ఇస్త్రీ గదిలో ఉన్నింది. వాళ్లంతా నిద్రపోయే మధ్యాన్నప్పూట తలుపేసుకోని మాట్లాడతాంటి. నీతోనే శానాసేపు మాట్లాడతాంటి. నీ పేరెత్తితే ఏడుపాగేది కాదు."

"మా, నేను ఇన్నది నేను రాసినా. అబద్ధం రాయలేదు."

"నేను అబద్ధం చెప్తాండానా?"

శ్రీనివాసులు మధ్యలో దూరి నవ్వులాటకు తిప్పబోయాడు. "అయినా అత్తా, కువైట్ రేడియోలో శెనక్కాయలు ఎవురు ఏస్తారు?"

అని, తనే ఆగిపోయాడు.

కింద వీధిలో ఎవరో కారు హారను కొడుతున్నారు. గంగులమ్మ మెల్లగా తల తిప్పి మొగుడి వంక చూసింది. "ఊర్లో ఉన్నింది కడప రేడియో," అంది. "నువ్వు దినామూ పెట్టేది."

రామసుబ్బయ్య పళ్లెంలోని బొరుగులు చూస్తున్నాడు. ‘నాకు తెలీదు’ అంటే సరిపోతుంది. క్యాసెట్లు బురదలో కలిశాయి, అడిగే సాక్షి లేడు. సాయంత్రం కూతురు ఆ కాగితం నలుగురిలో చదువుతుంది. కన్నబిడ్డను వద్దనుకున్న తల్లిగా గంగులమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది. తను పక్కన కూర్చుని తల ఊపితే చాలు. ముప్పై ఏళ్లుగా చేసింది అదే.

"నేనే," అన్నాడు.

తక్కినదీ ఆయనే చెప్పవలసి వచ్చింది.

"క్యాసెట్ వచ్చినాక ముందర నేనొక్కన్నే తలుపేసుకోని ఇంటాంటి. నువ్వు ఏడ్చిన కాడ రేడియో దగ్గరికి జరిపి, టేపులో రికార్డు చేసే రెండు మీటలూ ఒత్తతాంటి. నీ మాట మీద రేడియో పడతాంటింది. రాత్రికి వీధంతా వస్తాది. వాళ్లు ఇంటారు."

"ఇంటే?"

"పెండ్లాన్ని ఏడిపించి ఆ దుడ్లతో ఇల్లు కడతాండాడు అంటారని." పళ్లెం పక్కకు జరిపాడు. "కడతానే ఉంటి."

గంగులమ్మ పళ్లెం కింద పెట్టింది. "వచ్చేస్తా, నావల్ల కాదు, రమ్మని ఒక్క మాట పంపు అని చెప్పినా ఒకదాంట్లో. అది కూడానా?"

"అది కూడా."

"స్లాబు పడేదాకా ఓర్చుకోమని జాబు రాపిచ్చినావు."

"రాపిచ్చినా."

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు కొంత తేలికగా ఉండేది. "నీ సంగతి వదిలెయ్. నా బిడ్డ ఇనింది, ఇని కూడా నన్ను రమ్మనలేదు అనుకున్నా నేను. ఆరేండ్ల బిడ్డ మీద కోపం పెట్టుకున్నా. సెలవులో ఊరికొచ్చినప్పుడు అది అవ్వ కొంగు సాటున దాక్కుంటే, దాక్కోనీలే అనుకున్నా. ఎత్తుకోలేదు."

చిట్టి తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "నాయనా, పెట్టె బురదలో పోయిందంటే నువ్వు సంతోషపడినావా?"

పిల్ల మొహం చూడలేకపోయాడు. "పడినా," అన్నాడు.

చిట్టి వెనక్కి తిరిగి తల్లి పక్కన నేల మీద చతికిలబడింది. తల ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండి, చివరికి ఆమె మోకాలి మీద ఆనించింది. గంగులమ్మ చెయ్యి నూనెగా ఉంది. చీరకు తుడుచుకుని ఆ తల మీద వేసింది. రామసుబ్బయ్య లేచి చెప్పులు వేసుకుని బయట మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. పిలవాలని ఆయన అనుకోలేదు కూడా.

సాయంత్రం సభలో చిట్టి ఆ దీవి ఆడవాళ్ల రాతల గురించి చెప్పింది. నీది చదవమని సూర్యావతి అడిగితే, "నాది సగమే అయింది. తక్కిన సగం నా దగ్గర లేదు," అని కూర్చుంది. వెనక వరుసలో ఉన్న రామసుబ్బయ్యకు ఆ మాట వినబడింది.

మరుసటి రోజు పొద్దున్నే మామా ఇంటికి చేపలు తేవడానికి ఇద్దరూ సముద్రం ఒడ్డున ఉన్న షర్క్ బజారుకు బయలుదేరారు. రోజూ ముందు సీట్లో కూర్చునే గంగులమ్మ ఆ పొద్దు వెనక కూర్చుంది. బజారు దగ్గర కారు ఆపి, ఇంజను కట్టేసి, రామసుబ్బయ్య జేబులో నుంచి ఫోను తీశాడు. కూతురి పేరు వెతికి, మాట పట్టి పంపే మీట బొటనవేలితో ఒత్తిపట్టాడు.

"చిట్టీ," అన్నాడు. "ఇది మీ యమ్మ చెప్పింది. నేను చెరిపింది. చెరిపే ముందర నాలుగైదుసార్లు ఇన్నా. నాకంతా నోటికి వస్తాది. మొదటి క్యాసెట్."

ఒకసారి ఊపిరి పీల్చుకున్నాడు.

"‘చిట్టీ, నీ ముందర పన్ను కదలతాందని అవ్వ జాబు రాపిచ్చింది. ఊడితే ఇంటిమీదికి ఎయ్యి...’"

"పేడలో పెట్టి," అంది వెనక సీటు.

"‘పేడలో పెట్టి ఇంటిమీదికి ఎయ్యి. ఎవురినీ ఎయ్యనీయొద్దు, నువ్వే ఎయ్యి. ఈ ఇంట్లో బిడ్డకు అన్నం తినిపించేటప్పుడు నేను చిట్టీ అనే పిలుస్తాండా. వాళ్లకు తెలీదు. ఆ బిడ్డ కూడా పలకతాండాది...’"

వెనక తలుపు తెరుచుకుని మూసుకుంది. ముందు తలుపు తెరుచుకుంది. గంగులమ్మ వచ్చి పక్కన కూర్చుని, అద్దంలో నుంచి సముద్రం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన చివరి మాట దాకా చెప్పాడు. బొటనవేలు తిమ్మిరెక్కింది. ఎత్తి, దులిపి, మళ్లీ మీట మీద పెట్టాడు.

"రెండో క్యాసెట్," అన్నాడు.