ఆరున్నర డిగ్రీలు

గాలి లెక్కల మనిషిని ఆఫీసు మెట్ల మీద కాల్చారు. సైలెన్సర్ వాడారు కాబట్టి పక్క గదిలో పని చేసుకుంటున్నవాళ్లకి కూడా వినపడలేదు. అతను గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. కళ్లజోడు మాత్రం కింద మెట్టు మీద పడి ఉంది.

సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆయన ఎవరికీ బాబాయ్ కాదు. ఆ మధ్యాహ్నం తన ఏజెంట్‌ని పిలిపించి, తలుపు తనే వేశాడు. ఏజెంట్ నడిస్తే చప్పుడు కాదు. అందుకే డిపార్ట్‌మెంట్‌లో అతను పిల్లి.

"కూర్చో."

"నిలబడే వింటాను బాబాయ్."

"పోయింది మీ అన్నయ్య. ఈ కేసు ఇంకొకరికి ఇవ్వమంటే ఇచ్చేస్తాను."

పిల్లి కిటికీ వైపు చూశాడు. "వదినకి చెప్పారా?"

"ఎలా చెప్తాం? ఆవిడ ఇంకా ఆకాశంలోనే ఉంది."

వదిన పైలట్. శుక్రగ్రహం దాకా వెళ్లి, అక్కడి మేఘాల్లోంచి రోబో పట్టి ఇచ్చిన ఫ్లాస్కుడు గాలితో, ఇద్దరు తోటివాళ్లతో తిరిగి వస్తోంది. సాయంత్రానికి ఆమె క్యాప్సూల్ భూమి గాలిలోకి దిగాలి.

గాలి అన్నిచోట్లా ఒకటి కాదు. శుక్రుడి నేల మీద ఎంత మందమంటే, గట్టి యంత్రాన్ని కూడా నలిపేస్తుంది. అంగారకుడి మీద ఎంత పలచనంటే, ఒక్క పారాషూట్‌నే నమ్ముకుని దిగితే నేలకి కొట్టుకోవాల్సిందే. మన గాలి ఈ రెంటికీ మధ్య. అదీ రోజూ ఒకేలా ఉండదు. సూర్యుడు చెలరేగితే పైగాలి ఉబ్బుతుంది, శాంతిస్తే కుంగుతుంది. అన్నయ్య చిన్న రాకెట్ పంపి అది ఎంత చిక్కగా ఉందో కొలిచేవాడు. ఆ పట్టికని బట్టే క్యాప్సూల్ ఏ కోణంలో దిగాలో తేలుతుంది.

"ఇవాళ కంప్యూటర్‌లో ఉన్నది దొంగ పట్టిక" అన్నాడు బాబాయ్. "గొడుగు ముఠా పెట్టింది."

గొడుగు అంటే ఒక పరాయి దేశపు గూఢచారులకి సర్వీస్ పెట్టుకున్న కోడ్.

"గాలి ఉన్నదానికంటే చిక్కగా ఉందని చూపిస్తోంది. దాని ప్రకారం కోణం ఐదున్నర డిగ్రీలు. కానీ అసలు గాలి పలచన. బ్రేకు సరిగ్గా పడదు. క్యాప్సూల్ మన మైదానం దాటి సముద్రంలో పడాలని వాళ్ల ప్లాన్. అక్కడ చేపల ఓడ వేషంలో కాచుకుని ఉన్నారు. ఫ్లాస్కు కోసం."

"మరి వదిన?"

"మనవాళ్లు సముద్రంలో కూడా పడదంటున్నారు. చెరువులో విసిరిన పెంకులా గాలికి తగిలి మళ్లీ పైకి లేచిపోతుందట. తిరిగి వచ్చేదాకా ఆక్సిజన్ చాలదు."

"కోణం మార్చమని చెప్పండి."

"చెప్పాం. వినలేదు. చివరి చెక్ అయ్యాక మీ అన్నయ్య చెప్తే తప్ప అంకె మార్చకూడదు. ఆ రూలు పెట్టుకున్నది ఆ మొగుడూ పెళ్లాలే. అందుకే అతన్ని చంపారు." బాబాయ్ టేబుల్ మీది ఫోన్ అతని వైపు జరిపాడు. "ఫోన్‌లో మీ ఇద్దరి గొంతూ ఒకటేలా ఉంటుంది కదూ?"

ముత్యం టీవీలో వార్తలు చదువుతుంది. గొడుగుకీ పని చేస్తుంది, సర్వీస్‌కీ పని చేస్తుంది. ఎవరికి ఎక్కువ చేస్తుందో ఎవరికీ తెలియదు. కంట్రోల్ సెంటర్‌లో టీవీవాళ్లకి ఇచ్చిన మేకప్ గదిలో, అద్దంలోంచే పిల్లిని చూసి లిప్‌స్టిక్ అందించింది. దాని అడుగున మైక్రోఫిల్మ్. గొడుగు కొట్టేసిన అన్నయ్య చివరి పట్టిక.

"చంపుతారని నాకు చెప్పలేదు" అంది.

"చెప్తే ఆపేదానివా?"

ఆమె ముత్యాల దండ సర్దుకుంది. "అది రేపు అడుగు. రేడియో ఆఫీసర్ వాళ్ల మనిషి. టేబుల్ కింద లైన్ కట్ చేసే స్విచ్ ఉంది. దగ్గరికి ఎవరైనా వస్తే నొక్కేస్తాడు. నేనొస్తే నొక్కడు."

పట్టిక ఇంజనీర్ల చేతికి వెళ్లింది. కొత్త కోణం ఆరున్నర డిగ్రీలు. పిల్లి అన్నయ్య కుర్చీలో కూర్చుని హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. కుర్చీ తన ఎత్తుకి సరిపోయింది. అది అతనికి నచ్చలేదు.

"పైలట్, వినపడుతోందా? గాలి పలచబడింది. కొత్త కోణం ఆరున్నర డిగ్రీలు. దయచేసి మార్చుకోండి."

చనిపోయిన మనిషి గొంతు విని రేడియో ఆఫీసర్ మొహం పాలిపోయింది. స్పీకర్ బరబరలాడింది.

"నా మొగుడు ఇన్నేళ్లలో నన్నెప్పుడూ దయచేసి అని అడగలేదు" అంది వదిన. "ఎవరది?"

రేడియో ఆఫీసర్ చెయ్యి టేబుల్ కిందికి పోయింది. ముత్యం మైకు పట్టుకుని నవ్వుతూ అతని మీదికి వంగింది. "ప్రేక్షకులకి రెండు మాటలు చెప్పండి సార్." మైకు అంచున ఉన్న సూది అతని మణికట్టులో దిగింది. అతను రెండు మాటలూ చెప్పకుండానే టేబుల్ మీద తల వాల్చాడు.

"ఇవాళ్టి కోడ్ వర్డ్ చెప్పు" అంది వదిన. "లేకపోతే లైన్ వదులు. గాలి అంచుకి వచ్చేశాం."

కోడ్ వర్డ్ అన్నయ్యతోనే పోయింది. ఇంజనీర్ చెయ్యెత్తి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తున్నాడు. పిల్లి అన్నయ్య గొంతు వదిలేశాడు.

"వదినా, నేను."

ఆమెని అలా పిలిచే మనిషి ఒక్కడే. అతను ఆ గదిలో ఉండాల్సినవాడు కాడని ఆమెకి తెలుసు.

"మీ అన్నయ్య లేరా అక్కడ?"

"లేడు వదినా."

"ఎక్కడా లేరా?"

"లేడు."

ఇంజనీర్‌కి ఒక్క వేలే మిగిలింది.

"అంకె మళ్లీ చెప్పు."

"ఆరున్నర."

"ఆరున్నర. మారుస్తున్నాను."

వేలు ముడుచుకుంది. క్యాప్సూల్ చుట్టూ గాలి మండి, రేడియో మూగబోయింది. గదిలో ఎవరూ కుర్చీ కదపలేదు. తర్వాత మైదానం మీద, సరిగ్గా మైదానం మీదే, పారాషూట్ విచ్చుకుంది.

మైదానంలోనే ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పారు. పిల్లి వచ్చి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె అంది.

"ఇంటి తాళం నా దగ్గర లేదు. ఆయన దగ్గరే ఉంటుంది."

"అన్నయ్య జేబులోది ఆఫీసువాళ్లు నాకు ఇచ్చారు వదినా."

ఆమె చెయ్యి చాపింది. అతను తాళం అందులో పెట్టి, వేళ్లు మూశాడు.

బాబాయ్ ఫోన్ చేశాడు. కోస్ట్ గార్డ్ వాళ్లు ఆ చేపల ఓడని పట్టుకున్నారట. చేపలకే వచ్చామని కెప్టెన్ ఒట్టు పెడుతున్నాడట. ఓడలో చేప ఒక్కటీ లేదు. ఆకాశం వైపు చూసి చూసి మెడ పట్టేయని మనిషీ ఒక్కడూ లేడు.